వంద శాతం పూర్తయింది

ఒకప్పుడు మన ప్రభుత్వ ఉద్యోగికి శిక్షణ అంటే బాపట్ల. మూడు రోజుల ఉత్తర్వు, టీఏ డీఏలు, మధ్యాహ్నం భోజనంలో రెండు కూరలు, సాయంత్రం సూర్యలంక తీరాన షికారు. పాఠం చెప్పినాయన ‘డౌట్లున్నాయా?’ అని అడిగితే హాలంతా ఒక్క గొంతుతో లేవనేది. అవతల టీ చల్లారిపోతోంది మరి. ఆ చదువు గొప్పదని ఎవరూ అనరు. కాకపోతే గుంటూరు గుమాస్తాకి శ్రీకాకుళం గుమాస్తా పరిచయమయ్యేవాడు. ఆర్నెల్ల తరవాత ఫైలు ఇరుక్కుంటే ఫోన్ చేయడానికి ఒక నంబరు మిగిలేది.

ఇప్పుడు చదువే మన సీటు దగ్గరికి నడిచొచ్చింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర కేబినెట్ ఉద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగికి పచ్చజెండా ఊపింది. సుమారు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులు, ఐదేళ్లకు 510.86 కోట్ల రూపాయలు. రాష్ట్ర ఉద్యోగులకూ ఇందులో చోటిచ్చారు. ఈ పథకపు ఆన్‌లైన్ వేదిక ఐగాట్ పోర్టల్లో కోర్సు పూర్తిచేస్తే కర్మ పాయింట్లు పడతాయి. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న కృష్ణుడికి లాగిన్ ఇచ్చి ఉంటే ఏమనేవాడో! 2024 అక్టోబర్‌లో జాతీయ అభ్యాస వారం జరిపి, తలకు కనీసం 4 గంటలు నేర్చుకోమన్నారు. వారం మొత్తానికి నాలుగే గంటలు. వాటినీ ఆఖరి రోజు సాయంత్రానికే అట్టిపెట్టుకున్నవాళ్లు మనకు తెలుసు.

ఆ సాయంత్రం సెక్షన్‌లో వినిపించే గురుశిష్య సంవాదం ఇలా ఉంటుంది.

‘ఏమయ్యా, నాది ఎంతదాకా వచ్చింది?’

‘ఎనభై రెండు శాతం సార్. చివర్లో పది ప్రశ్నలున్నాయి.’

‘గ్రూపులో జవాబులు రాలేదూ?’

‘వచ్చాయి సార్. కానీ ఈసారి ఆప్షన్ల వరస మార్చేశారు.’

‘ఉద్యోగుల మీద ఇంత అపనమ్మకమా!’

వీడియో ఒక పక్క మ్యూట్‌లో నడుస్తుంటుంది. సూపరింటెండెంట్ గారు ఇంకో పక్క పెన్షన్ ఫైలు చూస్తుంటారు. పాపం, పనిచేసేది ఆ పక్కనే.

యంత్రాన్ని తప్పుపట్టలేం. ఆన్‌లైన్ కోర్సులకు ప్రపంచమంతా వాడిన స్కార్మ్ అనే ప్రమాణం అమెరికా రక్షణ శాఖ పూనికతో పుట్టింది. 2001 నాటి 1.2 కూర్పులో చదువరి పరిస్థితి చెప్పడానికి ఆరు గడులే ఉన్నాయి: పాసయ్యాడు, ఫెయిలయ్యాడు, పూర్తిచేశాడు, పూర్తిచేయలేదు, తిరగేశాడు, అసలు ముట్టుకోలేదు. ‘అర్థమైంది’ అన్న గడి లేదు. గడి లేనిదాన్ని ఏ ఆఫీసూ లెక్కలోకి తీసుకోదు. శిక్షణ ఫలితం కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లు కట్టిపెట్టాడు: నచ్చిందా, నేర్చుకున్నాడా, పనితీరు మారిందా, సంస్థకు ఏమైనా ఒరిగిందా. మనం మొదటి మెట్టు మీదే ఐదు నక్షత్రాలు నొక్కి, దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చేస్తాం.

తెర మీది పాఠాన్నీ మనిషి దగ్గరి పాఠాన్నీ కలిపి నేర్పడానికి బ్లెండెడ్ లెర్నింగ్ అని పేరు. ఆలోచన మంచిదే. నిబంధనలు వీడియోలో తీరిగ్గా చూసుకోవాలి. ఆ తరవాత తెలిసినవాళ్ల పక్కన కూర్చుని అసలు ఫైలొకటి నడపాలి, తప్పు చేయాలి, దిద్దించుకోవాలి. ఈ రెండో సగానికి హాలు కావాలి, మనిషి కావాలి, తీరిక కావాలి, బిల్లు పాసవ్వాలి. మొదటి సగానికి లింకు చాలు. అందుకని పైనుంచి లింకు వచ్చింది.

అలాగని రెండో సగం ఆగిపోయిందనుకోకండి. మూల కంప్యూటర్ దగ్గర ఔట్‌సోర్సింగ్ కుర్రాడు ఉంటాడు. ఈ-ఆఫీస్‌లో ఫైలు పైకి ఎలా పంపాలో, డిజిటల్ సంతకం ఎందుకు మొరాయిస్తోందో సెక్షన్ మొత్తానికి నేర్పేది అతనే. అందరి కోర్సులూ గట్టెక్కించేదీ అతనే. నైతిక విలువల కోర్సునైతే పదకొండు మంది పేర్లతో, నూటికి నూరు మార్కులతో పూర్తిచేశాడు. పర్మినెంటు కాదు గనక అతనికి సొంత లాగిన్ మాత్రం ఇవ్వలేదు.

మొన్న జీతం ఓ రెండు వేలు పెంచమని అర్జీ పెట్టుకున్నాడు. సూపరింటెండెంట్ గారు నోట్ పెట్టారు: ‘అర్జీదారు ఇంతవరకు ఎటువంటి శిక్షణా పొందినట్లు రికార్డులో లేదు. పరిశీలించనవసరం లేదు.’ ఆయన చెబుతుంటే టైపు చేసి, ఆయన లాగిన్‌లోంచి పైకి పంపింది ఆ కుర్రాడే.