చతురశ్ర సూత్రము: బాలబోధినీ వ్యాఖ్యాసహితము

అవతారిక

క్రోషా నేర్చుకోదలచిన ముముక్షువులకు మొట్టమొదట విధించబడేది గ్రానీ స్క్వేర్ అనే చదరం. దుప్పట్లు, సంచులు, సోఫా కవర్లు, చంటిపిల్లల శాలువాలు చాలావరకు దీని సంతానమే. దాని మొదటి చుట్టును సూత్రకారుడు రెండు ముక్కల్లో బిగించి పెట్టాడు. సూత్రమన్నాక అక్షరాలు తక్కువగా, అర్థం ఎక్కువగా ఉండాలి, సందేహం ఉండకూడదు. మొదటి రెండు లక్షణాలూ ఇక్కడ పుష్కలం. మూడోది లోపించబట్టే వ్యాఖ్యాత అవతరించాల్సి వచ్చింది. అరమాత్ర కలిసొస్తే కొడుకు పుట్టినంత సంబరపడతారని వైయాకరణుల మీద ఒక ప్రసిద్ధి ఉంది. ఆ లెక్కన ప్యాటర్నులు రాసేవాళ్ల ఇళ్లల్లో రోజూ బారసాలే.

మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. వాటిలో మొదటి నియమం నేనూ పాటిస్తాను.

మూలము

సీహెచ్ 4, ఎస్‌ఎల్ ఎస్‌టీ టు ఫామ్ రింగ్. రౌండ్ 1: సీహెచ్ 3, 2 డీసీ ఇన్ రింగ్, సీహెచ్ 2, * 3 డీసీ ఇన్ రింగ్, సీహెచ్ 2, రెప్ ఫ్రమ్ * 2 టైమ్స్ మోర్, ఎస్‌ఎల్ ఎస్‌టీ ఇన్ టాప్ ఆఫ్ బిగినింగ్ సీహెచ్ 3. (12 డీసీ, 4 సీహెచ్-2 ఎస్‌పీ)

ఇది ఏ భాష అని అడగకండి. గుణాఢ్యుడు బృహత్కథ రాసిన పైశాచికి దూరపు చుట్టం కావచ్చు.

ప్రతిపదార్థము

సీహెచ్ 4 = నాలుగు చైన్లను వేసి; ఎస్‌ఎల్ ఎస్‌టీ = స్లిప్ స్టిచ్చు చేత; టు ఫామ్ రింగ్ = కడపటి కొసను మొదటి చైనుతో కలిపి వలయము కావించి; రౌండ్ 1 = మొదటి చుట్టునందు; సీహెచ్ 3 = మూడు చైన్లను (ఇవి ఎందుకో ముందు తెలియగలదు); 2 డీసీ = రెండు డబుల్ క్రోషాలను; ఇన్ రింగ్ = వలయము నడిమి రంధ్రమునందే గాని చైన్ల ఒంటిలోనికి గాక; సీహెచ్ 2 = మూల తిరుగుటకై రెండు చైన్లను; * = నక్షత్రము (దీని గూర్చి పెద్ద తగవు కలదు); 3 డీసీ ఇన్ రింగ్ = అదే రంధ్రమునందు మూడు డబుల్ క్రోషాలను; సీహెచ్ 2 = మరల రెండు చైన్లను; రెప్ ఫ్రమ్ * = నక్షత్రము మొదలుకొని; 2 టైమ్స్ మోర్ = ఇంకను రెండు మారులు వేసి; ఎస్‌ఎల్ ఎస్‌టీ = స్లిప్ స్టిచ్చు చేత; ఇన్ టాప్ ఆఫ్ బిగినింగ్ సీహెచ్ 3 = తొలుత వేసిన మూడు చైన్లలో పైదాని నెత్తిన; కలుపవలయును అని అధ్యాహారము.

తాత్పర్యము

చిన్న రింగు చేసుకుని, అందులోంచి మూడేసి నిలువు కుట్ల గుంపులు నాలుగు లేపి, గుంపుకీ గుంపుకీ మధ్య రెండేసి చైన్లు వేసి, చివరను మొదటికి కలపమని. ఇంతటితో ఊరుకుంటే వ్యాఖ్యాతకు సంభావన ముట్టదు కనుక విశేషాలు.

విశేషములు

నాలుగు చైన్లు వేయమన్నప్పుడు సూది మీద వేలాడుతున్న లూపు లెక్కలోకి రాదు. మొట్టమొదటి ముడీ రాదు. చైనును బల్ల మీద పరిచి ముఖం వైపు చూస్తే ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్న ఇంగ్లీషు వీ అక్షరాలు కనిపిస్తాయి. తిరగేస్తే వీపున చిన్న చిన్న గుబ్బలు ఉంటాయి. లెక్కించాల్సింది వీలను. "రింగుకు బదులు మ్యాజిక్ రింగ్" అని కొన్ని ప్రతుల్లో పాఠాంతరం ఉంది. ఆ పద్ధతిలో తోక లాగితే నడిమి రంధ్రం మూసుకుపోతుంది. రంధ్రం కనబడకూడదనుకునేవారికి ఆ పాఠమే గ్రాహ్యం.

ఇక డీసీ. సూదికి దారం ఒకసారి చుట్టి, రంధ్రంలోకి దూర్చి, దారం అందుకుని ఇవతలికి లాగితే సూది మీద మూడు లూపులుంటాయి. మళ్లీ దారం అందుకుని రెండింటిలోంచి లాగితే రెండు మిగులుతాయి. ఇంకోసారి అందుకుని ఆ రెండింటిలోంచీ లాగితే ఒకటి మిగులుతుంది. అది డీసీ. కానీ ఇది అమెరికా శాఖ వారి డీసీ. బ్రిటన్ శాఖలో ఇదే కుట్టు ట్రెబుల్. అమెరికా వారు సింగిల్ క్రోషా అనే పొట్టి కుట్టును బ్రిటన్ వారు డబుల్ క్రోషా అంటారు. అంటే రెండు అక్షరాలూ అవే, కుట్టు వేరు. రెండు దేశాలూ ఇంగ్లీషే మాట్లాడుకుంటాయి, ఇందులో మాత్రం ఎవరి వేదం వారిది.

శంక. శిష్యురాలు, అనగా మా మేనకోడలు, అడుగుతోంది: "మావయ్యా, ఇది ఏ శాఖదో మూలంలో ఎక్కడా రాయలేదే? మరి ఎట్లా తెలుస్తుంది?"

సమాధానం. శబ్దం నోరు విప్పనప్పుడు లింగాన్ని, అనగా ఆనవాలును పట్టుకోవాలని మీమాంసకుల మర్యాద. గ్రంథంలో ఎక్కడైనా ఎస్‌సీ (సింగిల్ క్రోషా) కనిపిస్తే అది అమెరికా శాఖే, ఇప్పటి బ్రిటన్ పరిభాషలో ఆ పేరుతో కుట్టు లేదు గనక. కుట్టు వదిలేయడాన్ని "స్కిప్" అంటే అమెరికా, "మిస్" అంటే బ్రిటన్. మన మూలంలో ఇవేవీ లేవు. కానీ మొదట మూడు చైన్లు వేయమన్నాడు చూడమ్మా, అక్కడ దొరికిపోయాడు. మూడు చైన్లు నిలబెడితే అమెరికా డీసీ అంత ఎత్తు. బ్రిటన్ డీసీకి ఒక్క చైను చాలు. పక్కవాడికంటే మూడింతలు పొడుగున్న ప్రతినిధిని ఏ సూత్రకారుడూ నిలబెట్టడు. కాబట్టి ఇది అమెరికా శాఖ అని సిద్ధాంతం.

ప్రతినిధి అన్నాను. ఈ మూడు చైన్ల తత్త్వం అదే. సోమలత దొరకని చోట పూతికతో యాగం నడపమన్నారు. ఇక్కడ కొత్త చుట్టు మొదలయ్యేటప్పుడు సూది నేల మీద ఉంటుంది, కుట్లు పైన నిలవాలి. సూది ఆ ఎత్తుకు ఎక్కాలంటే మూడు చైన్లు వేయాలి. ఎక్కాక ఆ మూడింటినీ ఒక డీసీగా భావించాలి. అందుకే సూత్రకారుడు తొలి గుంపులో రెండే డీసీలు చెప్పి, తక్కిన గుంపుల్లో మూడు చెప్పాడు. ఇది తెలియని వారు సూత్రకారుడికి లెక్క రాదని నిందిస్తారు. సింగిల్ క్రోషా వరుసలో వేసే ఒక్క చైను మాత్రం సాధారణంగా లెక్కలోకి రాదు. పొట్టివాడికి ప్రాతినిధ్యం ఇవ్వలేదన్నమాట.

అటూ ఇటూ తిరుగుతూ వరుసలుగా అల్లేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. వరుస చివరికి వచ్చాక, కింది వరుస మొదట్లో నిలబెట్టిన మూడు చైన్ల నెత్తిన కూడా ఒక కుట్టు వేయాలి. ప్రతినిధిని మరిచిపోతే వరుసకో కుట్టు చొప్పున రాలిపోతుంది. దీర్ఘచతురస్రంగా మొదలైన మఫ్లర్ కొస తేలుతుంది.

ఇప్పుడు నక్షత్రం. "ఇంకను రెండు మారులు" అన్నాడు కనుక తగువు లేదు: ఒకసారి రాసినట్టు వేసి, రెండు సార్లు తిరిగి వేసి, మొత్తం మూడు. కొన్ని గ్రంథాల్లో "రిపీట్ 3 టైమ్స్" అని మాత్రమే ఉంటుంది. మొత్తం మూడా, మొదటిది కాక మూడా? ఇక్కడ పండితులు రెండు వర్గాలై జుట్లు పట్టుకుంటారు. అర్థం తేలనప్పుడు ఉపసంహారం చూడమన్నారు. చుట్టు చివర బ్రాకెట్లో ఇచ్చే అంకె అదే. 12 డీసీ, 4 సందులు అన్నాడు: తొలి గుంపు మూడు, తర్వాత మూడు గుంపులు తొమ్మిది, వెరసి పన్నెండు. తర్వాత నాలుగు గుంపులొస్తే పదిహేను అవుతుంది, ఉపసంహారానికి విరోధం. చివరి అంకె ఇవ్వని ప్యాటర్నుకు ఏ వ్యాఖ్యానమూ నిలబడదు. అలాంటి దాన్ని వదిలేయడం ఉత్తమం.

రెండో చుట్టులో కనబడే బ్రాకెట్టు వేరు. (3 డీసీ, సీహెచ్ 2, 3 డీసీ) ఇన్ సీహెచ్-2 ఎస్‌పీ అంటే లోపలున్నవన్నీ ఒకే సందులో వేయమని. మూలలు అలాగే ఏర్పడతాయి.

చిత్రపాఠము

అక్షరపాఠం ఎన్నని చెప్పినా, ఏ కుట్టు దేనిలో పాతాలో కళ్లకు కట్టించేది చార్టు. ఖాళీ కోడిగుడ్డు ఆకారం చైను. నిండు చుక్క స్లిప్ స్టిచ్చు. కూడిక గుర్తో గుణకారం గుర్తో సింగిల్ క్రోషా. ఇంగ్లీషు టీ అక్షరం నిలబెట్టి నడుముకు ఒక అడ్డగీత గీస్తే అమెరికా డీసీ, రెండు గీతలైతే అమెరికా ట్రెబుల్, మూడైతే డబుల్ ట్రెబుల్. సూదికి దారం ఎన్ని చుట్లు చుట్టాలో అన్ని గీతలు. ఇది ఉత్సర్గం. దీనికి అపవాదం హాఫ్ డబుల్: చుట్టు ఒకటి ఉంది, గీత లేదు, ఉత్త టీ. మూడు లూపుల్లోంచీ ఒక్క దెబ్బకు లాగేస్తారు గనక గీతకు అర్హత పోయిందని సమాధానపడాలి.

టీల పాదాలు చూడాలి. రెండు మూడు టీల పాదాలు ఒక్కచోట కలిస్తే అవన్నీ ఒకే కుట్టులోంచి లేస్తాయి, వెడల్పు పెరుగుతుంది. తలలు కలిస్తే కుట్లు కలిసిపోయి వెడల్పు తగ్గుతుంది. జపాన్ వారి పుస్తకాలు దాదాపు చార్టు మీదే నడుస్తాయి, వాళ్ల సూక్ష్మదృష్టి ఇంకా గొప్పది: గుంపు పాదాలు ఒక బిందువులో మూసుకుంటే సూదిని కుట్టులోకే గుచ్చాలి, విడివిడిగా ఉంటే చైన్ల కింది సందులోకి దూర్చాలి. జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా ఈ పుస్తకాలు అల్లుకోవచ్చు. పైగా చార్టులో గీసింది కుట్టు ఆకారమే గనక అమెరికా, బ్రిటన్ తగాదా ఇక్కడికి రాదు.

చదివే దిక్కు మాత్రం గుర్తుండాలి. చదరం వంటి చుట్టు పనిలో నడిమి నుంచి బయటికి, కుడిచేతి వారైతే గడియారం ముల్లుకు ఎదురుగా. ఎడమచేతి వారికి ముల్లు వెంట. తిప్పి తిప్పి అల్లే వరుసల్లో మాత్రం కుడిచేతి వారికి ఒక వరుస ఉర్దూ, ఒక వరుస తెలుగు: ముఖం వైపు వరుస కుడి నుంచి ఎడమకు, వీపు వైపు వరుస ఎడమ నుంచి కుడికి. వరుస అంకె ఏ అంచున రాసి ఉంటే ఆ అంచునే మొదలు.

పూర్వపక్షము

పాలకొల్లు వైపు నుంచి వచ్చిన మా పక్కింటి పిన్నిగారు ఈ వ్యాఖ్యానం విని ఇలా ఆక్షేపించారు: "ఇంత గ్రంథం ఎందుకండీ? ముక్క చేతికిస్తే చూసి అల్లేస్తాం కదా." నరసాపురం ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా వేళ్లూనిన లేసు అల్లిక ఇలాగే కంటి నుంచి చేతికి ఎక్కి ఇల్లిల్లూ పాకింది. ఆ ఆడవాళ్ల శ్రమ మీద మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే వేసింది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ప్రత్యక్షం ముందు శబ్దప్రమాణం తలొంచవలసిందే. ఒప్పుకున్నాం.

అయితే ముక్క చేతిలో లేని చోట? ఫొటో మాత్రమే ఉన్న చోట? పక్కింట్లో పిన్నిగారు లేని చోట? అక్కడ సూత్రమే గతి. పిన్నిగారు దీనికి బదులు చెప్పలేదు. చార్టు చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, "ఇది మన పని లాగే ఉందే" అన్నారు. నక్షత్రాల పాఠం మాత్రం ఆవిడకు నచ్చలేదు. నాకూ అంతే. మొదలుపెట్టేవారు రెండూ పక్కపక్కన ఇచ్చిన ప్యాటర్నులే ఎంచుకుని, తగువు వచ్చినప్పుడు చార్టు వైపు తీర్పు చెప్పుకోవడం మేలని నా మతం.

ప్యాటర్నులు రాసే మహానుభావులకు ఒక విన్నపం. మొదటి పేజీలోనే మీది అమెరికా శాఖో బ్రిటన్ శాఖో ఒక్క మాట రాయండి. మొదటి మూడు చైన్లు లెక్కలోకి వస్తాయో రావో ఇంకో మాట రాయండి. ప్రతి వరుస చివరా అంకె ఇవ్వండి. ఈ మూడూ చేస్తే వ్యాఖ్యాతలం మా పని మేం చూసుకుంటాం.