ఎర్తు చూశారా, అల్లుడు గారూ?

మీకు చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. మా వీధిలో అందరికీ తెలిసిపోయాక మీ దగ్గర దాచడం మర్యాద కాదు.

మూడేళ్ళ కిందట, డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా ఇంటి ముందు ఒక పాత ట్రైలరు వచ్చి వాలింది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, రెండు చక్రాలు. కారు వెనక తగిలించుకుని మట్టీ, మొక్కలూ, పాత సోఫాలూ మోసే బాపతు. కొన్నది నేనే. ఎదురింటాయనకి ఒకటుంది, అంతకుమించి కారణం అడక్కండి. అడిగిన మా ఆవిడకి మాత్రం "అద్దె డబ్బులు మిగులుతాయి" అని చెప్పాను. ఈ మూడేళ్ళలో దాన్ని వాడింది ఏడంటే ఏడు సార్లు. ఆ లెక్క నాది కాదు. వంటింటి క్యాలెండరు మీద ఆవిడ గీతలు పెట్టుకుంటోంది.

ఎనిమిదో గీత కోసం నేను ఎంత తహతహలాడానో మీకు అర్థమై ఉంటుంది. అందుకే వినాయక చవితి మీటింగులో "విగ్రహం ఎవరు తెస్తారు?" అనగానే నా చెయ్యి దానంతటదే లేచింది. చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కొట్టలేదు.

చవితికి ముందు రోజు సాయంత్రం ట్రైలరుని కారుకి తగిలించాను. రెండంగుళాల ఇనుప బంతి మీద మూతి దించి, గొళ్ళెం వేసి, గొలుసులు రెండూ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా తగిలించి, నాలుగు తీగల ప్లగ్గు గుచ్చాను. నా ఇంజినీరింగు చదువు ఇంతవరకు పనికొచ్చింది.

ఎడమ ఇండికేటరు వేశాను. రెండు పక్కలా మసకమసగ్గా కొట్టుకుంది. హెడ్‌లైట్లు వేసి బ్రేకు నొక్కాను. ఎర్రగా భగ్గుమనాల్సిన లైట్లు, ఉన్న ఆ కాస్త వెలుగూ మానేసి ఆరిపోయాయి. చీకట్లో బ్రేకు వేస్తే లైట్లు ఆర్పుకునే బండితో రోడ్డెక్కితే పోలీసు ఆపకుండా ఉంటాడా? వినాయకుడితో సహా ఆపుతాడు.

మగవాడన్నాక ముందు బల్బుని అనుమానించాలి. మీరూ అదే చేస్తారు. ఇలాంటి పాత ట్రైలర్లకి మామూలుగా వేసే బల్బు 1157 రకం. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు. ఒకటి రాత్రిపూట సన్నగా వెలగడానికి, రెండోది బ్రేకుకీ ఇండికేటరుకీ గట్టిగా వెలగడానికి. దాని నడుముకి రెండు బుడిపెలు, ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. అలా ఎందుకంటే, ఒక్క తీరులో తప్ప దూరకూడదని. తయారుచేసినవాళ్ళకి నాలాంటివాళ్ళ సంగతి ముందే తెలుసు. అయినా సరే, నేను రెండో తీరులో దూర్చడానికి గట్టి ప్రయత్నమే చేశాను. బుడ్డి పగిలి చేతికొచ్చింది. ఇంకోటి వేసినా అదే మసక.

తరవాత అనుమానం డిక్కీలో ఉన్న చిన్న పెట్టె మీదికి పోయింది. మా కారులో ఇండికేటరు వేరు, బ్రేకు లైటు వేరు. ట్రైలరులో ఆ రెండు పనులూ ఒకే ఫిలమెంటు చేస్తుంది. అక్కడి రెండు కబుర్లనీ కలిపి ఇక్కడికి ఒకే తీగలో పంపేది ఆ పెట్టె. "పోయింది ఇదే" అని డాక్టరులా తేల్చేశాను. దుకాణానికి పరిగెత్తి నలభై డాలర్లు పెట్టి కొత్తది తెచ్చాను. పసుపు తీగ ఎడమకి, ఆకుపచ్చది కుడికి, గోధుమరంగుది వెనక దీపాలకి, తెల్లది గ్రౌండుకి. చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చే పాఠం. నేను పసుపునీ ఆకుపచ్చనీ తారుమారు చేసి కలిపాను. ఊడదీసి మళ్ళీ సరిగ్గా కలిపాక మొదటి మసకే తిరిగొచ్చింది. నలభై డాలర్లు మాత్రం తిరిగి రాలేదు.

అప్పుడు మా ఆవిడని పిలిచాను. ఉండ్రాళ్ళ పిండి కలుపుతున్న మనిషి చేతులు కూడా కడుక్కోకుండా వచ్చి, స్టీరింగుకి పిండి అంటకుండా మోచేతులు ఎత్తిపట్టుకుని కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

"బ్రేకు!"

"నొక్కాను."

"ఇప్పుడు ఎడమ! నా ఎడమ కాదు, నీ ఎడమ!"

"ఇద్దరం ఒకే వైపు తిరిగి ఉన్నాం కదండీ. ఎడమ ఒక్కటే."

పదహారేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒకే వైపు చూస్తున్నామని నాకు తెలిసింది అప్పుడే.

ఈ గొడవకి మా చిన్నది బయటికి వచ్చింది. నాలుగో తరగతి. స్కూల్లో బ్యాటరీతో బల్బు వెలిగించి, అట్టముక్క మీద అతికించి, ఇంటికి తెచ్చి మూణ్ణెల్లు ఫ్రిజ్ మీద పెట్టించిన మేధావి. కాసేపు చూసి, "నాన్నా, కరెంటు వెళ్తే చాలదు. తిరిగి రావాలి" అంది.

"లోపలికెళ్ళి చదువుకో" అన్నాను. పెద్దవాళ్ళ దగ్గర జవాబు లేనప్పుడు ఇంతకన్నా మంచి జవాబు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అది చదువుకోలేదు. వాళ్ళ తాతయ్యకి వీడియో కాల్ చేసింది.

ఇక్కడ రాత్రి ఎనిమిది. తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో తెల్లారి ఆరున్నర. మావయ్య గారు కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమయ్యారు. ముప్పై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి. ధాన్యం బస్తాలు వేసుకుని రాత్రిళ్ళు ట్రక్కు తోలినవారు. వెనక లైటు లేని ట్రక్కు రోడ్డు మీద గోడలాంటిదనీ, దాన్ని గుద్దినవాడికి అది కనబడేది గుద్దాకేననీ ఎప్పుడూ అంటుంటారు.

జరిగిందంతా విని, ఒక గుక్క తాగి, "ఎర్తు చూశారా, అల్లుడు గారూ?" అన్నారు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఇక్కడ ఎర్తులూ అవీ ఉండవు మావయ్య గారూ. ఇక్కడ గ్రౌండు అంటారు" అన్నాను.

ఆయన నా మీద జాలిపడ్డారు. ఫోను చిన్నగా ఉన్నా జాలి పెద్దగానే కనిపించింది. "పేరేదైతేనేం లెండి, తుప్పు గీకి చూడండి" అన్నారు.

మా పెద్దవాడికి పదమూడేళ్ళు. వాడప్పటికే గ్యారేజీలోంచి జంపర్ కేబుల్ పట్టుకొచ్చాడు. ఒక కొస ట్రైలరు ఇరుసు దగ్గర బోసి ఇనుముకి కరిపించాడు, రెండో కొస కారు కింద ఇనుముకి. "అమ్మా, నొక్కు" అన్నాడు. ఇల్లంతా ఎర్రగా దీపావళి అయింది. ఎడమ అంటే ఎడమే, కుడి అంటే కుడే. మా చిన్నది నాకేసి చూసింది. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అసలు సంగతి ఇదీ. బల్బుల్లోకి వెళ్ళిన కరెంటంతా ట్రైలరు ఇనుములోకి దిగి, అక్కణ్ణుంచి ఆ ఒక్క తెల్ల తీగ పట్టుకుని కారుకి తిరిగి రావాలి. ఆ దారి మూసుకుపోతే, పాపం, అది పక్క బల్బులోంచీ దాని పక్క తీగలోంచీ దొడ్డిదారిన రావడానికి చూస్తుంది. అందుకే ఎడమ వేస్తే రెండూ గుడ్డిగా కొట్టుకున్నాయి. వెనక దీపాలు, బ్రేకు అన్నీ ఒకేసారి వేస్తే ఆ దొడ్డిదారులూ మూసుకుపోయి మొత్తం చీకటే.

మరి తెల్ల తీగ దారి ఎవరు మూశారు? మా ఆవిడ టార్చి పట్టుకుని ట్రైలరు మూతి దగ్గర వంగింది. తెల్ల తీగ బోల్టు విప్పించింది. దాని కింద ఇనుము కనబడలేదు. నల్లగా, నున్నగా, అద్దంలా మెరిసిపోతున్న రంగు కనబడింది.

ఆ రంగు వేసింది నేనే. మొన్న జూన్‌లో, రెండు పూతలు. ఆ బోల్టు అడ్డొస్తోందని ఊడదీసి, కింద కూడా శ్రద్ధగా పూసి, ఆరాక మళ్ళీ బిగించాను. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే నలభై మూడు బొటనవేళ్ళు వచ్చాయి. రంగులోంచి కరెంటు పోదని ఆ నలభైముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు చూడండి! ఇన్నాళ్ళూ అంతో ఇంతో వెలిగాయంటే ఆ ఇనుప బంతి దగ్గర ఇనుమూ ఇనుమూ రాసుకోవడం వల్ల. చవితికి ముందు వారం దానికి కూడా దిట్టంగా గ్రీజు పట్టించి ఆ ముచ్చటా తీర్చేశాను.

మా ఆవిడ వంటింట్లోంచి గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చింది. బోల్టు చుట్టూ రూపాయి బిళ్ళంత మేర తెల్లగా ఇనుము కనబడేదాకా తోమింది. తుడిచి, బిగించి, "నొక్కండి" అంది. నొక్కాను. వెలిగింది. నలభై డాలర్ల పెట్టె, పగిలిన బల్బు, మూడు గంటల నా పాండిత్యం, అన్నీ కలిసి చెయ్యలేని పని పాత పీచు రెండు నిమిషాల్లో చేసింది.

నాకు గుండె కరిగింది. "చూశావా, ఆ తెల్ల తీగ కూడా నీలాంటిదే. అందరి భారం మోస్తుంది, ఎవరి కంటా పడదు" అన్నాను ఆర్ద్రంగా.

"అంటే నా మీద కూడా రంగు పూసి మర్చిపోయారన్నమాట" అని లోపలికెళ్ళి ఉండ్రాళ్ళు చుట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే విగ్రహం ఎక్కించి, తాళ్ళు కట్టి బయల్దేరాను. మా ఆవిడ పిల్లలతో వెనక కారులో వచ్చింది. నేను భజన పాటలు గట్టిగా పెట్టుకుని, దేవుణ్ణి మోస్తున్నానన్న నిష్ఠతో ఫోను కూడా ఎత్తలేదు. పూజ జరిగే హాలు దగ్గర జనం మూగారు. వాళ్ళల్లో కొత్తగా ట్రైలరు కొన్న కుర్రాడొకడు లైట్ల గురించి అడిగాడు. నేను గొంతు సవరించుకుని, "ఏం లేదయ్యా, ముందు ఎర్తు చూసుకోవాలి" అన్నాను.

"నాన్నా, అది తాతయ్య చెప్పింది" అంది మా చిన్నది, హాలంతటికీ వినబడేలా.

అప్పటికే మా ఆవిడ దిగి వస్తోంది. మాట మార్చడానికి, "ఎలా వెలిగాయి మన లైట్లు?" అని అడిగాను.

"చాలా బాగా వెలిగాయండీ. ఎడమ ఇండికేటరు అయితే పన్నెండు మైళ్ళూ వెలుగుతూనే ఉంది. అది చెబుదామనే నాలుగుసార్లు ఫోను చేశాను."