దొంగకు దారి, ఓనరుకు తాళం

కొత్త కారుకు ముహూర్తబలం ఎక్కువ. పెళ్లికి బయల్దేరే వేళ చూసుకుని మరీ మొరాయిస్తుంది. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఎర్రగా మినుకుమంటూ ఉంటుంది. అంటే ఇమ్మొబిలైజర్ గారు మిమ్మల్ని గుర్తుపట్టలేదన్నమాట. ఈఎంఐ కట్టే చేతిని బ్యాంకు ఎన్నడూ మరిచిపోదు, కారు మాత్రం మరిచిపోతుంది.

ఆయన పనితీరు ఘనమైనదే. తాళంచెవి తలలో గోరంత చిప్ ఉంటుంది. తాళం తిప్పగానే ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని పలకరిస్తుంది. చిప్ తన గుట్టు చెబుతుంది, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ నమ్మితే ఇంజన్ అందుకుంటుంది. నమ్మకపోతే కొన్ని కార్లలో స్టార్టరే తిరగదు. మరికొన్ని, పెళ్లిచూపులకొచ్చి టిఫిన్ తిని కబురు పెట్టని వరుడిలా, ఒక్క క్షణం ఆశపెట్టి చల్లగా ఆగిపోతాయి.

అప్పుడు వాచ్‌మన్, పేపరబ్బాయి, పక్కింటి రిటైర్డ్ ఇంజనీరు గారు చేరి కారును తోస్తారు. ఆటోమేటిక్ గేర్ల కారునూ వదలరు. శ్రీశైలం దాకా తోసినా ఈసీయూ మనసు కరగదు.

నిజానికి చేయాల్సింది కొంచెమే. గుత్తిలోంచి ఆ ఒక్క తాళాన్ని విడదీయాలి, ఎందుకంటే పక్కనే మరో కారు తాళం ఉంటే రెండు చిప్‌లూ ఒకదాని మాట ఒకటి విననివ్వవు. బీరువాలోని రెండో తాళంతో ప్రయత్నించాలి. కారు బ్యాటరీ నీరసించిందేమో చూడాలి. బటన్ స్టార్ట్ కారై, రిమోట్‌లో సెల్ అయిపోతే, చాలా కార్లలో రిమోట్‌ను ఆ బటన్‌కే ఆనించి నొక్కితే చాలు. ఇవన్నీ ఉచితం. అందుకే కాబోలు, ఫోన్‌లో సర్వీస్ సెంటర్ వారు ఒక్కటీ చెప్పరు. "వెహికల్ తీసుకురండి సార్" అంటారు. కదలని కారును!

కార్లకు ఈ అనుమానపు జబ్బు ఇప్పటిది కాదు. 1986లో జనరల్ మోటార్స్ తన కార్వెట్ తాళంచెవిలో ఒక రెసిస్టర్ బిళ్ల పొదిగింది. మొత్తం 15 రకాలు. తర్వాత 90లలో పాస్‌లాక్ అని ఇంకోటి తెచ్చింది. ఈసారి సెన్సర్‌ను ఇగ్నిషన్ తాళం బుర్రలోనే పెట్టారు. అది అరిగిపోతే కారు దృష్టిలో ఓనరే దొంగ. శిక్ష కూడా ఖరారు: తాళం ఆన్ చేసి, సెక్యూరిటీ లైటు ఆరేదాకా పది నిమిషాలు కూర్చోవాలి. అలా మూడుసార్లు. అరగంట తపస్సు చేస్తేగాని తన కారుకు తాను మళ్లీ పరిచయం కాడు. దొంగకు అంత ఓపికెక్కడిది? వాడు పక్క కారు చూసుకుంటాడు.

మరి దొంగల సంగతి? ఒకడు మీ వీధి తలుపు దగ్గర యాంటెన్నా పట్టుకుని లోపలి రిమోట్ సిగ్నల్ లాగుతాడు, రెండోవాడు దాన్ని కారుకు వినిపిస్తాడు. కారు పొంగిపోయి తలుపు తీస్తుంది. లండన్‌లో ఒక టొయోటా ఆర్‌ఏవీ4 హెడ్‌లైట్ వైర్లు లాగి, ఆ దారినే "తాళం సరైనదే" అని కారుకు చెప్పించి తోలుకుపోయారు. పోగొట్టుకున్నాయన వృత్తి కార్ల సైబర్ భద్రత! ఒక రకం చిప్‌లో లొసుగు ఉందని పరిశోధకులు కనిపెడితే, 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఇంగ్లండ్ కోర్టుకెక్కి వారి పరిశోధన వ్యాసాన్ని ఆపించింది. అది 2015లో గాని వెలుగు చూడలేదు.

అలాగని అసలు వద్దనడానికీ లేదు. అమెరికాలో ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లను కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి ఎత్తుకుపోయారు. కాపలా ఉండాల్సిందే. కాకపోతే జీతమిచ్చేవాడి ముఖం కూడా గుర్తుండాలి కదా!

మన దగ్గర కారు పోతే బీమా వారు రెండు తాళాలూ తెమ్మంటారు. ఒకటి తగ్గితే మళ్లీ మీరే ముద్దాయి. ఇంత నిఘా పెట్టుకున్నందుకు మోటార్ టారిఫ్ ఇచ్చిన రాయితీ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో రెండున్నర శాతం, అదీ 500 రూపాయలకు మించకుండా.

కాబట్టి షోరూంలో దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, ఫొటో తీసే ముందే అడగండి: రెండో తాళం ఏది, తాళం కోడ్ కార్డు ఏది, కొత్త తాళం ప్రోగ్రామింగ్‌కు ఎంతవుతుంది? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే చెక్కు ఇవ్వండి.