పాత బెంజి ఏబీసీకి ఎదురు సలహాలు

మెర్సిడెస్-బెంజ్ పాత కార్లలో ఏబీసీ సస్పెన్షన్ ఉన్నవాటిని ఎలా చూసుకోవాలో రాస్తున్నాను. మామూలు కార్లకు అలవాటుపడ్డ చేతికి ఇవన్నీ ఎదురు సలహాల్లా, కొన్నైతే శుద్ధ తప్పుల్లా అనిపిస్తాయి. మీ మెకానిక్ కూడా అదే అంటాడు. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోను. ఈ బండ్లను వయసుకన్నా ఎక్కువగా చెడగొట్టింది తొందరపాటు రిపేర్లేనని నా గట్టి నమ్మకం.

ఏబీసీ అంటే యాక్టివ్ బాడీ కంట్రోల్. 1999లో సీఎల్ కూపేతో రోడ్డెక్కింది. ఎస్-క్లాసులో పెద్ద ఇంజన్ల బండ్లకూ, 2001లో వచ్చిన ఎస్‌ఎల్‌కూ పాకింది. ప్రతి చక్రం దగ్గర ఉక్కు స్ప్రింగు, ఆ స్ప్రింగుకు తోడుగా ఒక హైడ్రాలిక్ ప్లంజరు ఉంటాయి. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను 200 బార్ దాకా ఒత్తిడితో తోస్తుంది. మీ టైరులో ఉండే గాలి రెండున్నర బార్ చుట్టుపక్కల, అంతే. మలుపులో బండి ఒరగబోతే ఆ వైపు ప్లంజర్లలోకి ఆయిల్ చేరి స్ప్రింగును నొక్కుతుంది, బాడీ నిలబడుతుంది. బ్రేకు తొక్కినా ముక్కు దిగదు. 1992లో విలియమ్స్ జట్టు యాక్టివ్ సస్పెన్షన్ కారుతో ఫార్ములా వన్ గెలిచింది, 1994 నుంచి ఆ ఏర్పాటునే రేసుల్లో నిషేధించారు. అదే కోవకు చెందిన విద్యను కుటుంబంతో కూర్చుని వెళ్ళే కారులో పెట్టారంటే దాన్ని కాపాడుకోవాలని ఎవరికి అనిపించదు!

మొదటి సలహా: బండి కుంగితే స్కానర్ తగిలించకముందే స్కేలు తీయండి. చదునైన నేల మీద బండి ఆపి, ప్రతి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలవండి. నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోండి. రాత్రంతా కదపకుండా వదిలేసి, పొద్దున స్టార్ట్ చేయకముందే మళ్ళీ కొలవండి. స్కానర్ కంప్యూటర్‌కు తెలిసిందే చెబుతుంది. ఇంజన్ ఆగాక ఏ మూల ఎంత దిగిందో మీ కాగితమే చెప్పాలి. వారాల తరబడి నిలబెట్టిన బండి కాస్త దిగితే కంగారు పడనక్కర్లేదు. రాత్రికి రాత్రే ఒక మూల చక్రం మీద వాలిపోతే మాత్రం పని ఉంది.

ఆ పని ఎక్కడుందన్న దగ్గరే అసలు తప్పు జరుగుతుంది. ముందు ఎడమ మూల కుంగింది కాబట్టి, "ముందు ఎడమ స్ట్రట్టు (స్ప్రింగూ ప్లంజరూ కలిసి ఉండే భాగం) పోయింది సార్, మార్చేద్దాం" అంటారు. నేల పొడిగా ఉంటే ఒప్పుకోకండి. ప్లంజరులో ఆయిల్ ఒక వైపే ఉంటుంది. దాని సీలు చిరిగితే ఆయిల్ బయటికే రావాలి, రబ్బరు బూటు తడవాలి, నేల మీద చుక్కలు పడాలి. నేల పొడిగా ఉండి బండి మాత్రం కుంగిందంటే ఆయిల్ లోపలి దారినే తిరిగి ట్యాంకుకు పోయింది. ప్రతి చక్రం ఆయిల్‌నూ పట్టి ఉంచే వాల్వు ఒకటి వాల్వ్ బ్లాకులో ఉంటుంది. ముందు చక్రాలకు ఒక బ్లాకు, వెనక చక్రాలకు ఇంకొకటి. ఆ వాల్వు కూర్చునే చోట నలుసు పడినా, ఏళ్ళ తరబడి వేడికి ఓ-రింగు గట్టిపడినా ఆయిల్ నెమ్మదిగా జారుకుంటుంది. బాగున్న స్ట్రట్టును తీసేసి కొత్తది బిగిస్తే మర్నాడు పొద్దున అదే మూల మళ్ళీ కుంగి ఉంటుంది, డబ్బు మాత్రం పోయి ఉంటుంది. బ్లాకు విప్పి శుభ్రం చేసి ఓ-రింగులు మార్చడం ఓపిక పని. స్ట్రట్టు ఖర్చుతో పోలిస్తే ఆ ఓపిక చవక.

హైదరాబాద్‌లో తిరిగే పాత ఎస్-క్లాసుల్లో చాలావాటికి ఉన్నది ఏబీసీ కాదు, ఎయిర్‌మేటిక్. అది గాలి సంచుల మీద నిలబడే పద్ధతి. దానిలో మూల కుంగితే ఆ మూల సంచినే అనుమానించడం, సబ్బు నీళ్ళు చల్లి బుడగలు వెతకడం సరైన పనే. ఆ అనుభవాన్ని ఏబీసీ దగ్గరికి మోసుకొస్తేనే మంచి మెకానిక్‌లు కూడా పొరపడతారు. అమెరికాలో పాత బెంజి చవగ్గా దొరికిందని కొనే మనవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఇదే: మీ బండి గాలి మీద నిలబడిందా, ఆయిల్ మీదా?

పొద్దున్నే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ చూసి, ఆయిల్ నిండుగా ఉందని తృప్తి పడకండి. బండి దిగినప్పుడు ప్లంజర్లలోని ఆయిల్ ట్యాంకులోకి వచ్చి చేరుతుంది కాబట్టి తక్కువున్న ఆయిల్ కూడా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తూ, బండి మామూలు ఎత్తుకు లేచాక చూసిందే లెక్క.

ఆయిల్ పచ్చగా ఉన్నా మార్చేయమంటాను. దీనికి పోయాల్సింది పెంటోసిన్ సీహెచ్‌ఎఫ్ 11ఎస్ రకం పచ్చని హైడ్రాలిక్ ఆయిల్. దొరకలేదని గేర్ ఆయిల్ గానీ, మామూలు స్టీరింగ్ ఆయిల్ గానీ పోయనివ్వకండి. ఇక్కడ వాల్వుల సందులు వెంట్రుకకన్నా సన్నం. ఆయిల్ నల్లబడేదాకా ఆగితే ఆ నలుపు వాల్వుల గుండా తిరిగి వచ్చినట్టే. రెండేళ్ళకోసారి ఆయిల్, దానితో పాటు ఫిల్టరు, అది నా లెక్క. వర్క్‌షాపు డయాగ్నోసిస్ మెషీనులో రోడియో అనే పరీక్ష ఉంటుంది. అది బండిని నాలుగు మూలలా ఎత్తి దించుతుంది, మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టరుకు చేరుతుంది. కాబట్టి కొత్త ఫిల్టరు వేశాకే రోడియో చేయించండి, అది అయ్యాక ఆ ఫిల్టరు కూడా తీసేయండి. ఒక్క రోడియోకు కొత్త ఫిల్టరా అని ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

ప్రెషర్ పైపు పగిలిందా? పైపు ఒక్కటే మార్చి బండి తీసుకోకండి. పంపు ఆయిల్‌ను దెబ్బలు దెబ్బలుగా తోస్తుంది. ఆ దెబ్బను మింగడానికి పంపు దగ్గరే ఒక డ్యాంపర్, ఆపైన అక్యుములేటర్లు ఉంటాయి. వాటిలో ఒక పొర వెనక నైట్రోజన్ నింపి ఉంచుతారు. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ నైట్రోజన్ పొర గుండా ఇంకిపోతుంది, దెబ్బ నేరుగా పైపుకు తగులుతుంది. పైపు పగలడం ఆఖరున జరిగే సంగతి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ సన్నగా వణకడం, స్పీడ్‌బ్రేకర్ మీద బండి రాయిలా కొట్టుకోవడం అంతకు చాలా ముందే మొదలవుతాయి. అక్యుములేటర్ పైకి చూస్తే ఇనుప గుండు, లోపల గ్యాస్ ఉందో లేదో తెలియదు. అందుకే పైపుతో పాటే డ్యాంపరు, బండి వయసు పదేళ్ళు దాటితే అక్యుములేటర్లన్నీ కూడా మార్చమంటాను. బాగున్నదాన్ని తీసేస్తున్నారని ఎవరైనా అంటే, బాగుందని ఎలా తెలిసిందో అడగండి.

ఇప్పుడు చెప్పేది బండికన్నా ముఖ్యం. ఆయిల్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకండి. 200 బార్ దగ్గర సన్నని చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. ఆలస్యమైతే వేలు, చెయ్యి కూడా పోవచ్చు. ఎవరికైనా అలా జరిగితే కట్టు కట్టుకుని ఇంటికి పోనివ్వకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, అధిక ఒత్తిడి ఆయిల్ లోపలికి దూరిందని డాక్టరుకు విడమరచి చెప్పండి. ఇంజన్ ఆపినా అక్యుములేటర్లలో ఒత్తిడి మిగిలే ఉంటుంది. దాన్ని పద్ధతి ప్రకారం దించకుండా ఏ నట్టూ వదులు చేయకూడదు. జాకీ మీద ఉన్న బండి కిందికి, స్టాండ్లు పెట్టకుండా, తల దూర్చనే కూడదు. లీకు వెతకడానికి పొడుగాటి అట్టముక్క చాలు.

డాష్‌బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ఏబీసీ హెచ్చరిక వెలిగితే గ్యారేజీకి నడుపుకుంటూ పోకండి. గ్యారేజీ పక్క వీధిలోనే ఉన్నా సరే. పైపు పగిలి ఆయిల్ పోతుంటే ఇంజన్ తిరిగినంతసేపూ పంపు కూడా పొడిగా తిరుగుతుంది, దాన్ని ఆపే స్విచ్చు లేదు. ఆ కాస్త దూరంలో పైపు ఖర్చు పంపు ఖర్చుగా మారుతుంది. అరిగిన పంపు రజను మిగతా వాల్వుల్లోకీ పోతుంది. పక్కకు తీసి ఇంజన్ ఆపి, బండిని పైకెక్కించుకుని పోయే ట్రక్కును పిలవండి.

ఎండకూ వానకూ దూరంగా గుడ్డ కప్పి దాచకండి, నడపండి. కదలని సీళ్ళే ముందు ఎండిపోతాయి.

చివరికి ఎవరో ఒకరు ఇదంతా పీకేసి మామూలు స్ప్రింగులు వేసుకోమంటారు. అలాంటి కిట్లు దొరుకుతాయి, అందరూ తెలివైన పని అంటారు. నేను వద్దంటాను. ఈ బండ్లకు యాంటీ-రోల్ బార్లు లేవు. బండి ఒరగకుండా ఆపేది ఆ ఆయిల్ ఒక్కటే. దాన్ని తీసేస్తే రెండు టన్నుల కారు మలుపులో ఊగుతుంది. పైగా స్టీరింగ్ పంపూ ఏబీసీ పంపూ ఒకే జంట పంపులో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తీసి పారేయలేరు. ఏబీసీ వైపు ఆయిల్‌ను ఊరికే తిప్పే దారి ఒకటి కల్పించాలి. కంప్యూటర్ హెచ్చరికలకూ మందు వెతకాలి. అంత డబ్బూ శ్రమా పెట్టి సాధించేది ఆ కారు ఏనాడూ లేనంత నాసిరకం నడక. అదే సొమ్ముతో వాల్వ్ బ్లాకులు బాగుచేయించి, అక్యుములేటర్లు మార్చి, ఎత్తులు సరిచూసి క్యాలిబ్రేషన్ చేయించుకోండి.