మూడు లాంగ్‌బుక్కులు

దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టినవాళ్లు తక్కువ, చేరినవాళ్లు ఎక్కువ. సూర్యాపేట నుంచో నల్లగొండ నుంచో బస్సు దిగి, రోడ్డు దాటేలోపే ఏదో ఒక కోర్సులో చేరిపోతారు. మా బామ్మర్ది ఒక్కడే పదమూడేళ్లుగా ఇక్కడ ఉంటూ ఎందులోనూ చేరలేదు. చేరబోతున్నాడు.

ఉద్యోగం లేక కాదు. మెడికల్ కోడింగ్ చేస్తాడు. అమెరికాలో ఎవరికి ఏ రోగం వచ్చినా ఇన్సూరెన్సు బిల్లు మీద ఆ రోగానికొక నంబరు వెయ్యాలట, ఆ నంబరు వేసేవాడు చైతన్యపురిలో మా పక్క గదిలో కూర్చుని ఉంటాడు. పంది కరిస్తే డబ్ల్యూ55.41, బాతు వచ్చి గుద్దితే డబ్ల్యూ61.62. పంది కరిచినవాళ్లను మా ఊళ్లో చూశాను. బాతు గుద్దినవాణ్ణి ఎవర్నీ చూడలేదు గానీ, రేపు ఎవడైనా వస్తే మావాడు సిద్ధంగా ఉన్నాడు. అయితే ఇది అసలు ఉద్యోగం కాదని, అసలు ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపమని వాడి లెక్క. ఎనిమిదేళ్ల కాలక్షేపం.

2021లో, కరోనా రెండో ఉధృతి తగ్గుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం నా చాయ్, నా బిస్కెట్, నా కుర్చీ తీసుకుని ప్రకటించాడు: "బావ, నేను నర్సింగ్ చేస్త."

మంచి ఆలోచనే. ఆ రోజుల్లో నర్సుల్ని చూసి చేతులెత్తి మొక్కనివాడు లేడు. "చెయ్‌రా" అని ఊరుకుంటే సరిపోయేది. నోరు ఊరుకోక "ఏ కోర్సు?" అన్నాను. నాలుగేళ్లు దాటింది. ఇంకా జవాబు చెప్తూనే ఉన్నాడు.

ఈ రకం మనుషులు మీకు తెలుసు. మీ ఇంట్లోనూ ఒకరు ఉంటారు. ఫ్రిజ్ కొనడానికి వెళ్లి, పది షాపులు తిరిగి, అన్ని కంపెనీల కాగితాలూ తెచ్చుకుని, వేసవి అయిపోయాక కుండనీళ్లే ఆరోగ్యం అంటారు. మా బామ్మర్ది ఆ జాతిలో ఉత్తముడు. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం చేపను చెరువులో వదలడమే. ఇక్కడ మెట్రో పిల్లరు పిల్లరుకూ ఒక కోర్సు వేలాడుతుంది. పైగా ప్రతి కోర్సుకూ డెమో క్లాసు ఉచితం. ఒకచోట మూడు రోజులు, ఇంకోచోట రెండు రోజులు. మావాడు ఏ డెమో వదల్లేదు, ఏ ఫీజూ కట్టలేదు. ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ డెమో, గల్ఫ్ ప్రోమెట్రిక్ డెమో, ఎయిమ్స్ నార్సెట్ డెమో. ఆ నార్సెట్ నర్సింగ్ అయిపోయినవాళ్లు రాసే పరీక్ష. వీడు మొదలే పెట్టలేదు కదా అంటే, "ముందే ఐడియా ఉంటే మంచిది గద బావ" అన్నాడు. డెమోలో ఇచ్చిన పెన్నులతోనే మా పిల్లలు రెండు క్లాసులు పాసయ్యారు, ఆ మాట కూడా చెప్పాలి.

మొదటి లాంగ్‌బుక్కు ఇండియా. రెండువందల పేజీలది, స్కేలు పెట్టి గీతలు గీసి, నాలుగు రంగుల్లో రాశాడు. మావాడి చదువు ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీకాం, ఆపైన హెచ్‌ఆర్‌లో ఎంబీఏ. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి ఇంటర్‌లో బైపీసీ కావాలి. అది మూసుకుపోయింది. జీఎన్‌ఎమ్ మూడేళ్లు, ఏ గ్రూపు వాడైనా చేరవచ్చు గానీ 35 ఏళ్లు దాటకూడదు. దాని తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు, 55 శాతం మార్కులు, ఒక ఏడాది ఉద్యోగం, అప్పుడు ఎమ్మెస్సీ నర్సింగ్ ఇంకో రెండేళ్లు. మొత్తం కూడితే ఎనిమిది. బీకాం, ఎంబీఏ రెండూ కలిపి నర్సింగ్ గుమ్మంలో ఇంటర్‌తో సమానమని తేలినరోజు వాడు అన్నం తినలేదు. చపాతీలు తిన్నాడు.

మామూలు మనిషైతే అక్కడ మొదటి మెట్టు ఎక్కాలా వద్దా అని ఆలోచిస్తాడు. మావాడు ఎనిమిదో మెట్టు మీద కూర్చుని ఆలోచించాడు. ఎమ్మెస్సీలో ఏ స్పెషాలిటీ? ఐదు ఉన్నాయి. మెడికల్ సర్జికల్ అంటే అన్నీ చూడాలి. పిల్లల నర్సింగ్ అంటే ఏడుస్తారు, మా చిన్నదానికి టీకా వేయించినప్పుడు నర్సమ్మ కన్నా ముందు వీడే కళ్లు మూసుకున్నాడు. ప్రసూతి, స్త్రీల విభాగాన్ని వాళ్లమ్మకు చెప్పడానికి సిగ్గేసి తనే ఎర్రపెన్నుతో కొట్టేశాడు. కమ్యూనిటీ హెల్త్ అంటే ఎండ. మిగిలింది మానసిక వైద్యం. "గండ్ల మాట్లాడుడే ఎక్కువ బావ, మనకు సూటైతది" అన్నాడు. పరీక్షించడానికి మా మామగారితో గంటసేపు కూర్చుని ఆయన మనసు విప్పించబోయాడు. ఆయన మనసు విప్పి, "నువ్వు పెండ్లెప్పుడు చేసుకుంటవ్ రా" అన్నాడు. ఆ పేజీ అక్కడితో ఆగింది.

వీటి కింద ఏడాది డిప్లమాలు మళ్లీ వేరే. గుండె, క్యాన్సరు, నరాలు, కాలిన గాయాలు, వృద్ధులు, ఆపరేషన్ థియేటర్. థియేటర్ దగ్గర మూడు నక్షత్రాలు పెట్టి పక్కన "ఏసీ" అని రాశాడు. ఐసీయూలో డాక్టరుకు కుడిభుజంగా ఉండే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును మన నర్సింగ్ కౌన్సిల్ 2016 ప్రాంతంలో తెచ్చింది. దానికి నాలుగు నక్షత్రాలు. చివరికి ఉద్యోగం చేసే చోటు కూడా ఎంచుకున్నాడు. కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన సాయంత్రం, "నడుచుకుంట డ్యూటీకి పోవచ్చు" అని సంబరపడ్డాడు. అక్కడ పిల్లర్లు లేచాయి. మావాడు కుర్చీలోంచి లేవలేదు.

మా ఆవిడ ముందు ఈ మాట అనకూడదు. "మా తమ్ముడు ఆగమాగం చేసేటోడు కాదు" అంటుంది. పెళ్లిచూపులనాడు నేను రెండు నిమిషాల్లో ఒప్పుకున్నానని, ఆలోచనలేని మనిషి ఎలా ఉంటాడో తనకు ఇన్నేళ్లుగా తెలుసునని కూడా అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండో లాంగ్‌బుక్కు అమెరికా. డాలస్‌లో మా చిన్నత్త కోడలు ఉంది. ఇక్కడ బీటెక్, అక్కడ హెచ్4 వీసా, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేక కొన్నాళ్లు కూర్చుంది. ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా ముందు కావలసిన సైన్సు సబ్జెక్టులు పూర్తిచేస్తే, ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ బ్యాచిలర్స్ ముగించే కోర్సు అక్కడ ఉంది. ఆమె అందులో చేరి, లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, ఇప్పుడు రాత్రి డ్యూటీలు చేస్తోంది. రాత్రంతా నిలబడి వచ్చి ఆ పిల్ల కన్ను మూయగానే చైతన్యపురి నుంచి ఫోను. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ మంచిదా, సైకియాట్రీ మంచిదా? అక్యూట్ కేర్‌లో నైట్లు ఉంటాయా? మత్తు ఇచ్చే నర్సుకు ఇప్పుడు డాక్టరేటే కావాలంట కదా, అయితే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా? ఆరుసార్లు ఓపిగ్గా చెప్పింది. ఏడోసారి, "అన్నయ్యా, ముందు ఎందులోనన్నా చేరండి, మిగతాది డ్యూటీలో తెలుస్తుంది" అంది. మావాడు నొచ్చుకున్నాడు. "అమెరికా పోయినంక మనిషి మారింది బావ."

ఆ ఎన్‌క్లెక్స్ సంగతి వాడే చెప్పాడు. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. మనిషికి వచ్చో రాదో తేలిపోతే కంప్యూటరే మధ్యలో ఆపేస్తుందట. అంత తెలివైన కంప్యూటరు మా హాల్లో ఒకటి ఉంటే బావుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

మూడోది జర్మనీ. పోయినేడాది దిల్‌సుఖ్‌నగర్ గాలి మారి సందుసందుకూ జర్మన్ క్లాసు వెలిసింది. ఇంటర్ పాసై, జర్మన్ భాష బీ1, బీ2 దాకా వస్తే, అక్కడే జీతం ఇస్తూ మూడేళ్లు నర్సింగ్ నేర్పిస్తారు. దాన్ని ఔస్‌బిల్డుంగ్ అంటారు. మావాడు ఏ1 డెమో రెండుసార్లు విన్నాడు, మొదటిసారి సారు నచ్చలేదని. ఆ చదువు పూర్తిచేసిన మగవాణ్ణి ఫ్లేగెఫాఖ్‌మన్ అంటారని చెప్పి ఇంటిల్లిపాదితో పలికించాడు. మా అత్తగారు రెండోసారికే, "ఛీ, ఏం మాటలురా అవి" అని లేచిపోయింది. ఇంతా చేస్తే జర్మనీ వాడు మావాణ్ణి దెబ్బకొట్టాడు. పెద్దలకు, పిల్లలకు, వృద్ధులకు అక్కడ వేర్వేరుగా ఉండే నర్సింగ్ చదువులన్నీ 2020 జనవరి నుంచి ఒక్కటే చేసేశారు. చేరేటప్పుడు ఎంచుకోవడానికి ఏమీ లేదు! రెండు రోజులు దిగాలుగా తిరిగాడు.

వయసు గురించి ఎత్తితే ఫ్లారెన్స్ నైటింగేల్‌ను అడ్డం పెడతాడు. ఆమె కూడా ఇంట్లో వద్దన్నా వినకుండా 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌కు పోయి శిక్షణ తీసుకుంది, అప్పటికి ఆమెకు 31. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు వాడికీ 31. ఇప్పుడు 34. ఆ వయసుకు ఆమె దీపం పట్టుకుని యుద్ధానికి వెళ్లిపోయింది. ఈలోగా మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కూతురు 2021లో జీఎన్‌ఎమ్‌లో చేరి, 2024లో బయటపడి, ఎల్‌బీ నగర్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. మావాడి షర్టులు ఇస్త్రీకి ఇవ్వడానికి ఇప్పుడు నేనే పోవాల్సి వస్తోంది.

పోయిన దసరాకు అత్తగారు సూర్యాపేట నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకు షుగర్. శనివారం ఒక్కపొద్దు అని తినలేదు గానీ గోలీ మాత్రం మరవకుండా వేసుకుంది. రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. మా ఆవిడ పైవాటాకు పరిగెత్తింది. పైన ఉండే అమ్మాయి సర్కారు దవాఖానలో నర్సింగ్ ఆఫీసర్. 2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారే, అందులో ఒకటి ఈ పిల్లది. జుట్టు ముడేసుకుంటూ దిగింది, వేలికి సూది గుచ్చింది, మిషన్ 52 చూపించింది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తానని గోడ గడియారం కింద కూర్చుంది.

గుమ్మం దగ్గర నుంచి మావాడి గొంతు వినపడింది. "ఈ11.649 బావ. కోమా లేదు గాబట్టి 649. ఉంటే 641 అయితది."

కన్నతల్లి మంచం మీద ఉంటే నంబరు చెప్తున్న కొడుకును ఏమనాలో తోచక అటు తిరిగాను. అప్పుడే వాడి చూపు తల్లి వేలి మీది రక్తపుచుక్క మీద పడింది. ఫ్రిజ్‌ను ఆనుకుని, ఎవరో పైనుంచి గాలి తీసేసినట్టు, మెల్లగా కిందికి జారాడు. ఆ అమ్మాయి కంగారు పడలేదు. వాణ్ణి పడుకోబెట్టి, కాళ్లెత్తి ముక్కాలిపీట మీద పెట్టి, మళ్లీ గడియారం చూసింది. నా నోట్లోంచి అప్రయత్నంగా ఊడిపడింది, "ఆర్55." స్పృహ తప్పితే అదే నంబరు. ఎనిమిదేళ్ల సావాసం.

తెలివొచ్చాక వాడి ముఖం చూడలేకపోయాను. అంతవరకు వాడి మీద ఉన్న చిరాకంతా ఎటో పోయింది. ఆ అమ్మాయే, "ఏంకాదన్నా, ఫస్టియర్‌ల నేనూ రెండుసార్లు పడ్డ. కాకపోతే నేను కాలేజీల చేరినంక పడ్డ" అంది. మా అత్తగారు ఆ స్థితిలోనూ నవ్వింది. మిషన్ ఈసారి 96.

వాణ్ణి ఇంతగా ఆడిపోసుకుంటున్నాను గానీ, ఈ రోగం ఇంటికి తెచ్చినవాణ్ణి నేనేనేమో. 1998లో నేనూ ఈ సందుల్లోనే తిరిగాను. వై2కే అని, కంప్యూటర్లన్నీ 2000లో తారీఖు తెలియక తికమకపడతాయని, కోబాల్ వచ్చినవాణ్ణి అమెరికా ఎత్తుకుపోతుందని ఊరంతా ఒకటే మాట. కోబాల్ నేర్చుకోనా, ఒరాకిల్ నేర్చుకోనా అని నేను కాగితానికి నిలువుగీత గీసి లాభనష్టాలు రాస్తుండగా 2000 వచ్చేసింది, కంప్యూటర్లకు ఏమీ కాలేదు. బ్యాంకు గుమాస్తాగా ఉండిపోయాను. మా బామ్మర్ది అప్పుడు చిన్నపిల్లాడు. సెలవులకు మా గదికి వచ్చి, నా పక్కన కూర్చుని, ఆ గీతను స్కేలు పట్టుకుని గీసింది వాడే.

నిన్న సాయంత్రం వాడు వచ్చాడు. మొదటిసారి నా కుర్చీలో కాకుండా ఎదురుగా కూర్చున్నాడు.

"జీఎన్‌ఎమ్‌ల చేరుత బావ. ఇగ ఫైనల్. దాటితే వయసు దాటుతది."

మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లేచింది. వాడు సంచిలోంచి రెండు కాలేజీల కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. ఒకటి హయత్‌నగర్ అవతల, ఇంకోటి సాగర్ రోడ్డు మీద. ఫీజు దాదాపు ఒకటే.

"దేంట్ల చేరమంటవ్?"

ఏదో ఒకదాని మీద వేలు పెడితే చాలు. వేలు ఎత్తాను కూడా.

"మెస్సు ఎట్లుంటదట రెండిట్ల?" అన్నాను.

వాడి కళ్లు వెలిగాయి. సంచిలో చెయ్యి పెట్టి కొత్త లాంగ్‌బుక్కు తీశాడు. నేను స్కేలు కోసం లేచాను.