అందరికీ 120/80

అండమాన్ లంబాలైన్‌లో మా వీధి ఆరోగ్యం గురించి ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ముసలైపోయిన తాతకి బీపీ 120/80. ఆయన కోడలికీ 120/80. నెలలు నిండిన మనవరాలికీ అంతే. బీపీ మిషను పట్టీ గాలి పట్టడం మానేసి చాన్నాళ్లయింది గానీ, రిజిస్టరుకి మాత్రం ఊపిరి తగ్గలేదు.

తప్పు ఆ రిజిస్టరు రాసే సిస్టరమ్మది కాదు. ఒక్క గర్భిణి వస్తే ఆ పేరు రిజిస్టరులో ఒకసారి, ఆర్‌సీహెచ్ పోర్టల్లో ఒకసారి రాయాలి, నెలాఖరున హెచ్‌ఎంఐఎస్ లెక్కలో మళ్లీ కలపాలి. జ్వరంతో వచ్చినవాడు ఐహెచ్‌ఐపీలోకి, షుగరున్నవాడు ఎన్‌సీడీ పోర్టల్లోకి ఎక్కాలి. ఇద్దరికీ ఆభా ఆరోగ్య ఖాతా నంబరు చేయించాలి. ఓటీపీ వచ్చే ఫోను కొడుకు దగ్గరుంటుంది, కొడుకు హేవ్‌లాక్ దీవిలో డ్యూటీలో ఉంటాడు. ఇంత యాగీ అయ్యాక చెయ్యి పట్టుకుని చూసే తీరికెక్కడిది? చూడని బీపీకి ఒక అంకె కావాలి. 120/80 కన్నా మర్యాదస్తురాలైన అంకె ఇంకోటుందా?

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. నిజంగా కొలిచిన బీపీలు 118, 134, 126 అంటూ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వెయ్యి బీపీలకీ చివర సున్నాయే ఉందంటే అది జనం గుండె చప్పుడు కాదు, రాసిన చేతి తొందర. డేటా విశ్లేషణలో ఇది ఒకటో ఎక్కం. మన సమీక్షల్లో మాత్రం సున్నాలు చూస్తే అనుమానం రాదు, ముచ్చటేస్తుంది. "అబ్బ, ఎంత చక్కగా కంట్రోల్లో ఉందండీ!"

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి మా దీవులకి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభించారు. సంతోషం. మా బీపీలు ఇప్పుడు రెప్పపాటులో ఢిల్లీ చేరుతున్నాయి. ఆ బీపీ గల మనిషి మాత్రం, పెద్ద జబ్బు చేసి విమానం టికెట్ దొరక్కపోతే, మూడు రోజులు ఓడలో పడి చెన్నైకో విశాఖకో పోవాలి. మా ఊరి పేరు 2024లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి శ్రీవిజయపురం అయింది, ఓడ వేగం మారలేదు.

ఇక టీమ్‌వర్కు. కేంద్రం 2017 డిసెంబరులో కాన్పు గదుల కోసం 'లక్ష్య' తెచ్చింది. క్వాలిటీ సర్కిల్ పెట్టుకుని, డాక్టరూ నర్సూ కలిసి కూర్చుని, లోపమెక్కడో వెతికి, ఒక మార్పు చేసి, మళ్లీ కొలిచి చూసుకోమంది. కాగితం మీద బంగారం. మనవాళ్ల చేతిలో పడ్డాక సర్కిల్ కాస్తా వరసలైంది. ముందు వరసలో అధికారులు, వెనక నిలబడి నర్సులు, బ్యానరు కట్టడానికి ఊడ్చే అమ్మ. ఫొటో ఎక్కించగానే టీమ్‌వర్కు నూటికి నూరు.

మిషిగన్‌లో 2003లో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టరు ఐసీయూల్లో ఇదే పని ఇంకోలా చేయించాడు. పెద్ద రక్తనాళంలోకి సెంట్రల్ లైన్ గొట్టం వేసే ముందు చేతులు కడుక్కోవడం లాంటి అయిదు పనుల చెక్‌లిస్టు. డాక్టరు ఒక్కటి మరిచినా నర్సు "ఆగండి" అనొచ్చు. మన దగ్గర ఆ మాటంటే మెమో. అక్కడ ఎన్ని ఇన్ఫెక్షన్లయ్యాయో ఆ లెక్క మళ్లీ ఆ వార్డు జట్టుకే తిరిగి వచ్చేది. వెయ్యి కేథటర్-రోజులకి 2.7 ఉన్న మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకి దిగింది. అదీ సున్నాయే, కానీ కొలిచిన సున్నా.

అంత దూరమెందుకు, మా డాలీగంజ్‌లోనే ఐసీఎంఆర్ వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. 1988 నుంచి వానలు వెనకపట్టాక ఉత్తర అండమాన్‌లో జ్వరం, దగ్గితే రక్తం, చావులు. ఏమిటో తెలియక 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అన్నారు. వైద్యులు, ల్యాబువాళ్లు, ఊళ్లు తిరిగినవాళ్లు ఒక్కచోట కూర్చుని, ఏ నెల, ఏ పని చేసేవాళ్లు, ఏ నీళ్లు అని కూడికలు వేస్తే 1990ల్లో దొంగ దొరికాడు: లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన బురదలోంచి వచ్చే జబ్బు. తర్వాత 782 మంది మీద డాక్సీసైక్లిన్ పరీక్షించి, సూక్ష్మజీవి సోకడం ఆగలేదు, జబ్బుగా బయటపడటం మాత్రం తగ్గిందని ఉన్నదున్నట్టు రాశారు. మన సమీక్షలో అయితే ఆ మొదటి సగం స్లైడు దాకా వచ్చేదే కాదు.

అంకెల మాయ మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. బ్రిటన్‌లో 2004 ప్రాంతంలో ఎమర్జెన్సీ రోగిని నాలుగు గంటల్లో తేల్చాలని లక్ష్యం పెడితే, కొన్నిచోట్ల రోగిని అంబులెన్సులోనే ఆపేశారట, గుమ్మం దాటితేనే కదా గడియారం మొదలయ్యేది! దొరలకే అంత తెలివుంటే మనం తీసిపోయామా?

ఈ ఏడూ వానలు తగ్గాక జ్వరాలొస్తాయి. ఒక్కో జ్వరాన్ని ఎన్ని చోట్ల ఎక్కించాలో, ఎన్ని గంటల్లోగా ఎక్కించాలో, ఎక్కించకపోతే ఎవరి జీతం ఆగుతుందో ముందే ఉత్తర్వు వస్తుంది. ఎక్కించినదాన్ని ఎవరు చదవాలన్న ఉత్తర్వు కోసం సిస్టరమ్మ ఇంకా చూస్తోంది.