అటక ఎక్కని టెలిస్కోపు

మనవాళ్ళకి ఆకాశం మీద ప్రేమ రెండు కారణాలతో పుడుతుంది. ఒకటి గ్రహణం, రెండోది డిస్కౌంటు. గ్రహణం నాటి ప్రేమ పట్టుస్నానంతో మొదలై విడుపుస్నానంతో తీరిపోతుంది. డిస్కౌంటు ప్రేమ అలా కాదు, పెట్టెలో ఇంటికొస్తుంది.

మా బావమరిదికి రెండోది పట్టుకుంది. "బావా, 525 రెట్లు పెద్దగా చూపిస్తుందట. ట్రైపాడ్ ఫ్రీ. కొనెయ్యనా?" అని ఫోను. నక్షత్రాలు చూడ్డం నా చాదస్తం. అందుకని మా చుట్టాలు ముహూర్తానికి పురోహితుణ్ణి, టెలిస్కోపుకి నన్ను సలహా అడుగుతారు. ఆయన మాట మాత్రం వింటారు.

1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామల్ని కనిపెట్టిన గెలీలియో దగ్గరున్న గొట్టం సుమారు 20 రెట్లు పెంచేది. ఆ లెక్కన మావాడు కనీసం నూట అయిదు చందమామల్ని పట్టుకోవాలి.

పెట్టె మీద రాసే రెట్లు, పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే జీతం ఒక్క జాతివే. కాగితం మీద అబద్ధం కాదు, కాపరానికి పనికొచ్చే నిజమూ కాదు. టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే రెట్లు వస్తాయి. 700 మి.మీ. గొట్టానికి 20 మి.మీ. ఐపీస్ పెడితే 35. 4 మి.మీ.ది పెడితే 175. మధ్యలో మూడింతల బార్లో కటకం దూరిస్తే 525. భాగహారం వచ్చినవాళ్ళు ఎంతవరకైనా పెంచుకోవచ్చు. వెలుతురుకి మాత్రం భాగహారం రాదు. ముందుండే కటకం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో, దానికి రెట్టింపు దగ్గర దాని ఓపిక అయిపోతుంది. మావాడు మోజుపడ్డది 60 మి.మీ.ది. గాలి కుదురుగా ఉన్న రాత్రి 120 రెట్లు. ఆ పైన కనిపించేదంతా మసకే, కాకపోతే పెద్ద మసక.

ఇక ఆ ఫ్రీ ట్రైపాడ్. ఫోకస్ తిప్పుదామని వేలు వేస్తే చాలు, గురుడికి పూనకం వస్తుంది. ఆయన శాంతించాక చూద్దామంటే భూమి ఆగదు. 100 రెట్ల దగ్గర మామూలు ఐపీస్‌లో కనిపించే ఆకాశం అర డిగ్రీ. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే రెండు నిమిషాల్లో గ్రహం అవతలి గట్టు చేరుతుంది. "ఏమేవ్, శని వలయాలు చూద్దువు గాని, మేడ మీదికి రా!" అని నేను కేకేస్తే, "పోపు దించి వస్తున్నా" అంటుంది మా ఆవిడ. ఆవాలు చిటపటలాడేలోపే శని వెళ్ళిపోతాడు. శని వదలాలని మందపల్లి వెళ్ళి తైలాభిషేకం చేయించేవాళ్ళం, రెండు నిమిషాలు ఆగవయ్యా అని అదే శనిని బతిమాలుకోవడం ఈ చాదస్తంలోనే జరుగుతుంది.

"మరి ఏం కొనమంటావు బావా?"

"10×50 బైనాక్యులర్స్."

అవతల నిశ్శబ్దం. పట్టుచీర అడిగితే చేతిరుమాలు చూపించాననుకున్నాడు. కానీ పదింతలు పెంచి, 50 మి.మీ. కటకాలతో వెలుతురు పోగుచేసే ఆ జోడు చూపించేది తక్కువేం కాదు. పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికలు కంటికి ఆరో ఏడో కనిపిస్తే, ఇందులో డజన్లకొద్దీ పొదుగుకుంటాయి. చేతులు వణక్కపోతే గురుడి చందమామలూ దొరుకుతాయి. 7×50 కూడా అమ్ముతారు గాని, దాన్నుంచి వచ్చే కాంతిపుంజం వెడల్పు 50ని 7తో భాగించినంత, అంటే 7 మి.మీ. కుర్రాళ్ళ కంటిపాప చీకట్లో అంత విప్పారుతుంది. యాభై దాటిన నాబోటివాడిది 5 దగ్గరే ఆగిపోతుంది, మిగతా వెలుతురు రెప్పల మీద పారబోసుకోవడమే. 10×50 అయితే సరిగ్గా 5.

పెద్దదే కావాలనుకునేవాళ్ళకి డాబ్సోనియన్ ఉంది. జాన్ డాబ్సన్ అనే ఆయన 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరాడు. జగత్తు మిథ్య అని చదువుకుంటూనే, ఆ మిథ్యని కాస్త దగ్గరగా చూడాలని ముచ్చటపడ్డాడు. ఓడ కిటికీల పాత గాజు అరగదీసి అద్దం చేశాడు. అట్టగొట్టంలో బిగించి, చెక్కపెట్టె మీద నిలబెట్టాడు. మఠం పనులకి దొరకడం లేదని 1967లో ఆయన్ని బయటికి పంపేశారు. ఆయన పేటెంటు మాటే ఎత్తకుండా, ఫుట్‌పాత్ మీద టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్ళకి చంద్రుణ్ణి చూపించాడు. ఆ పద్ధతిలో చేసిన 150 మి.మీ. టెలిస్కోపు, మావాడి 60 కంటే ఆరింతల పైచిలుకు వెలుతురు పోగుచేస్తుంది. ట్రైపాడ్ లేదు కాబట్టి పూనకమూ లేదు. శని జారిపోతుంటే వేలితో మెల్లగా తోస్తే సరి, పోపు అయ్యేదాకా ఆయన్ని అట్టే పెట్టొచ్చు.

ఇందులోనూ పెట్టె మీది రంగులు కనిపించవు. ఆ ఫోటోలు హబుల్‌వి. దాని అద్దం 2.4 మీటర్లు, కాపురం అంతరిక్షంలో. మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు కనుక ఓరియన్ నీహారిక మనకి బూడిదరంగు పొగే. పైగా మావాడు పౌర్ణమినాడే చూస్తానంటాడు. ఆ రోజు చంద్రుడి మీద నీడలుండవు, గోతులు తేలవు. అష్టమినాడు చూడాలి. "అష్టమినాడు మొదలెడతారా ఎవరైనా?" అని ఆ ఇంట్లో పెద్ద తగువు.

కొనాల్సినవాటి వరుస నన్నడిగితే ఇదీ. ముందు మడతమంచం, మెడ మనది కాబట్టి. తర్వాత బైనాక్యులర్స్. తర్వాత ఎర్రకాగితం చుట్టిన టార్చి, ఎందుకంటే కన్ను చీకటికి అలవాటు పడ్డానికి పట్టే అరగంటని తెల్లలైటు ఒక్క క్షణంలో చెడగొడుతుంది. ఏడాది తర్వాత కూడా మంచం మేడ ఎక్కుతుంటే, అప్పుడు డాబ్సోనియన్. అటకెక్కిన 525 కంటే మేడెక్కిన 10 ఎక్కువ చూపిస్తుంది.

అన్నిటికంటే ముందు కావలసింది డబ్బుకి దొరకదు, అపార్ట్‌మెంటు సెక్రటరీగారి దగ్గరుంటుంది. మేడ తాళం. డాబ్సన్ పద్ధతే ఇక్కడ పనికొస్తుంది. శని వలయాలు మొదట ఆయనకే చూపించండి. మర్నాటినుంచి తాళం అడగక్కర్లేదు. రాత్రి పదింటికి ఆయనే వచ్చి మీ తలుపు కొడతారు, వెనకాల వాళ్ళ వియ్యాలవారితో సహా.